మేళాలో సోలార్ స్టాల్ ఎలా పెట్టాలి: జనం చూసి వెళ్లిపోకుండా, చేసి చూసేలా

కాలనీ మేళాలోనో బడి వార్షికోత్సవంలోనో సోలార్, కరెంటు పొదుపు, చెత్త నిర్వహణ మీద స్టాల్ పెట్టమన్నారు, ఏమేం పెట్టాలి, ఎంత పెద్ద ప్యానెల్ కావాలి, పిల్లలు ముట్టుకుంటే ప్రమాదమా... ఈ ప్రశ్నలు పదే పదే వస్తున్నాయి కాబట్టి అన్నిటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నా, పోస్టర్ల మీద పెట్టే టైమ్‌లో సగం మీటర్ల మీద పెట్టండి. భూతాపం మీద పెద్ద అక్షరాల్లో రాసింది చదివి మనిషి తలూపి ముందుకు వెళ్లిపోతాడు. అదే మనిషి ప్యానెల్ మీద తన చెయ్యి అడ్డం పెట్టినప్పుడు మీటర్లో అంకె పడిపోవడం చూస్తే అక్కడే నిలబడి ఇంకోసారి పెట్టి చూస్తాడు, పక్కవాణ్ణి కూడా పిలుస్తాడు.

ఏమేం కావాలి

అన్నీ ఉండాల్సిన పనిలేదు. కింద చెప్పే ప్రదర్శనల్లో మూడు ఎంచుకుని వాటికి కావాల్సినవి తెచ్చుకోండి చాలు.

సోలార్‌కి: 40 నుంచి 50 వాట్ల ప్యానెల్ ఒకటి (12 వోల్టుల బ్యాటరీకి సరిపడే 36 సెల్స్‌ది, సెల్ అంటే వెలుగుని కరెంటుగా మార్చే చిన్న పలక), చిన్న ఛార్జ్ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీలోకి వెళ్లే కరెంటుని అదుపు చేసేది), 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ సీల్డ్ బ్యాటరీ, ఫ్యూజు, 12 వోల్టుల ఎల్‌ఈడీ బల్బు, మల్టీమీటర్ (వోల్టేజీ, కరెంటు రెండూ కొలిచేది), ప్యానెల్ మీద కప్పడానికి మందపాటి గుడ్డ.

సైకిల్‌కి: వెనక చక్రం నేలకి తగలకుండా నిలబెట్టే స్టాండు, చక్రానికి ఆనుకుని తిరిగే డీసీ మోటారు, డయోడు (కరెంటుని ఒకేవైపు పోనిచ్చేది), 12 వోల్టుల 5 వాట్ల ఎల్‌ఈడీ, కారు హెడ్‌లైటుకి వాడే 55 వాట్ల హాలోజన్ బల్బు, రెండు స్విచ్చులు.

మిగతావాటికి: ప్లగ్‌కి తగిలించే వాట్ మీటర్, థర్మామీటర్లు రెండు మూడు, అట్టపెట్టెలు రెండు, గాజు పలక, అల్యూమినియం రేకు కాగితం, నలుపు రంగు వేసిన మూత ఉన్న గిన్నె, కంపోస్టుకి మూడు గాజు సీసాలు.

ఇవి కాక ఇన్సులేషన్ టేపు, వైర్లు నేలమీద అంటించే వెడల్పు టేపు, ఇసుక సంచులు, అదనపు ఫ్యూజులు. ఈ చివరి వరసలోవి మర్చిపోతే పక్క స్టాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

1. స్థలం ముందురోజే చూసుకోండి, అదీ మేళా జరిగే గంటల్లోనే

ఉదయం 8కి వెళ్లి చూస్తే ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది, మధ్యాహ్నం 3కి పక్కనున్న షామియానా నీడ సరిగ్గా మీ ప్యానెల్ మీద పడుతుంది. సూర్యుడు గంటకి దాదాపు 15 డిగ్రీలు జరుగుతాడు, నీడ కూడా జరుగుతుంది. అందుకే మేళా మొదలు, మధ్య, చివర మూడుసార్లు చూడండి. వీలుకాకపోతే తూర్పు, పడమర వైపుల్లో ఎత్తైనవేమున్నాయో చూసి అంచనా వేసుకోండి.

హాల్లో పెట్టాల్సి వస్తే? లోపల లైట్లు ఎంత వెలుతురుగా అనిపించినా ప్యానెల్‌కి అది చీకటి కిందే లెక్క. నిండు ఎండలో వెలుగు లక్ష లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) దాకా ఉంటే మామూలు గదిలో 500 దగ్గర ఉంటుంది, అంటే రెండువందల్లో ఒక వంతు. కాబట్టి ప్యానెల్ బయటే పెట్టి వైరు లోపలికి తెచ్చుకోండి. వైరు సన్నగా ఉంటే దారిలోనే వోల్టేజీ పోతుంది: 10 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడి 3 యాంపియర్లు పంపితే దాదాపు 0.7 వోల్టు తగ్గుతుంది, 2.5 వైరు వాడితే 0.4. అంతకన్నా దూరమైతే ఇంకా మందపు వైరు తీసుకోండి.

ప్యానెల్ స్టాండుకి ఇసుక సంచులు కట్టడం మాత్రం మానకండి. ఏటవాలుగా నిలబెట్టిన ప్యానెల్‌ని ఒక్క గట్టి గాలి వచ్చిందంటే ఎత్తి పడేస్తుంది, ఎదురుగా పిల్లలుంటారు.

2. సోలార్ సెట్ కలిపే వరస

ఈ వరస తప్పితే చాలా కంట్రోలర్లు పాడవుతాయి, కాబట్టి కాగితం మీద రాసి కంట్రోలర్ పక్కనే అంటించుకోండి.

ముందు ప్యానెల్ మీద గుడ్డ కప్పండి, ఎందుకంటే వెలుతురు తగిలినంతసేపూ దాన్ని ఆపే స్విచ్ ఏదీ ఉండదు. తర్వాత బ్యాటరీని కంట్రోలర్‌కి కలపండి, పాజిటివ్ వైరులో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు పెట్టండి. కంట్రోలర్ 12 వోల్టుల బ్యాటరీ అని గుర్తుపట్టిందో లేదో చూశాక ప్యానెల్ కలపండి. చివరగా బల్బు. విప్పేటప్పుడు సరిగ్గా తిరగేసి: బల్బు, ప్యానెల్, బ్యాటరీ.

బ్యాటరీ చిన్నదే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 12 వోల్టులు ముట్టుకుంటే షాక్ కొట్టకపోవచ్చు గానీ, రెండు టెర్మినళ్ల మీద స్పానరో గొలుసో పడితే క్షణంలో ఎర్రగా కాలిపోతుంది. గాలి ఆడే పెట్టెలో పెట్టి మూత వెయ్యండి. లిథియం బ్యాటరీ వాడేట్టయితే కంట్రోలర్లో ఆ రకం సెట్టింగ్ ఉండాలి, ఉబ్బినది, కిందపడ్డది అస్సలు తేవద్దు.

సరిగ్గా ఉందో లేదో చూడడం: ప్యానెల్ మీద గుడ్డ తీశాక, దేనికీ కలపకుండా కొలిస్తే ఎండలో 20 నుంచి 22 వోల్టుల మధ్య రావాలి. అయితే ఇక్కడే చాలామంది పొరపడతారు. మబ్బు పట్టినా, పొద్దున్నే అయినా వోల్టేజీ దాదాపు అంతే చూపిస్తుంది, దాన్ని చూసి అంతా బాగుందనుకుంటారు. చూడాల్సింది కరెంటు. 50 వాట్ల ప్యానెల్ నుంచి మంచి ఎండలో బ్యాటరీలోకి రెండున్నర, మూడు యాంపియర్ల దాకా వెళ్లాలి. ఒక యాంపియర్ కూడా లేకపోతే ప్యానెల్ దిశ చూడండి: పెన్సిల్‌ని ప్యానెల్ మీద నిటారుగా నిలబెట్టి, దాని నీడ పూర్తిగా మాయమయ్యేదాకా ప్యానెల్‌ని తిప్పండి. అంతే, అది సూర్యుడికి ఎదురుగా ఉన్నట్టు. గంటకోసారి ఇదే పని చెయ్యాలి, కావాలంటే వచ్చిన పిల్లలకే అప్పగించండి, చాలా శ్రద్ధగా చేస్తారు.

3. నీడ ఆట

స్టాల్ మొత్తంలో జనం ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మల్టీమీటర్‌ని 10 యాంపియర్ల రేంజ్‌లో ప్యానెల్‌కీ కంట్రోలర్‌కీ మధ్య వరసలో (ఒక వైరు విప్పి, కరెంటు మీటర్ గుండానే వెళ్లేలా) కలిపి, వచ్చినవాళ్లని ఒక్క సెల్‌ని అరచేత్తో పూర్తిగా మూయమనండి. ముయ్యకముందే అడగండి, ఎంత తగ్గుతుందనుకుంటున్నారు? ముప్ఫై ఆరింట్లో ఒకటే కదా, కొంచెమే తగ్గుతుందంటారు దాదాపు అందరూ. అంకె మాత్రం అడుగుకి పడిపోతుంది. సెల్స్ అన్నీ ఒకే వరసలో ఉంటాయి కాబట్టి పొడవాటి నీళ్ల గొట్టాన్ని ఒక్కచోట తొక్కినట్టే అన్నమాట. డాబా మీద ప్యానెళ్లకి టీవీ యాంటెన్నా నీడో కొమ్మ నీడో ఎందుకు పడకూడదో ఇక మీరు వివరించక్కర్లేదు.

ఇది పని చెయ్యకపోవడానికి సాధారణంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, బ్యాటరీ నిండుగా ఉండడం. రాత్రంతా ఛార్జ్ చేసి తెస్తారు, నిండిన బ్యాటరీకి కంట్రోలర్ కరెంటు ఆపేస్తుంది, మీటర్లో మొదటినుంచే సున్నా దగ్గర ఉంటే చెయ్యి పెట్టినా పెట్టకపోయినా తేడా కనిపించదు. సగం దిగిన బ్యాటరీ తీసుకెళ్లండి. సీల్డ్ లెడ్ బ్యాటరీ అయితే ఏమీ కలపకుండా కాసేపు ఉంచి కొలిస్తే 12.2 వోల్టుల దగ్గర ఉండాలి, 12.7 చూపిస్తే నిండినట్టు. రెండోది, మీటర్‌ని నేరుగా ప్యానెల్ రెండు వైర్లకీ తగిలించి కొలవడం. వెనక బైపాస్ డయోడ్లు (నీడ పడ్డ సెల్స్‌ని తప్పించి కరెంటుకి పక్కదారి ఇచ్చేవి) ఉన్న ప్యానెళ్లలో అలా కొలిస్తే ఒక సెల్ మూసినా కరెంటు పెద్దగా తగ్గదు, ఆట చప్పగా అయిపోతుంది. బ్యాటరీలోకి వెళ్లేదే కొలవండి.

మల్టీమీటర్ గురించి ఒక గట్టి హెచ్చరిక. ఎర్ర వైరు యాంపియర్ల రంధ్రంలో ఉండగా దాంతో బ్యాటరీ వోల్టేజీ చూడబోతే నేరుగా షార్ట్ అవుతుంది. మేళా హడావుడిలో ఇది చాలా తేలిగ్గా జరిగిపోతుంది, అందుకే వీలైతే రెండు మీటర్లు తెచ్చి ఒకటి కరెంటుకే కేటాయించి ఆ వైరుకి టేపు వేసెయ్యండి.

బ్యాటరీ గొడవ వద్దనుకుంటే తేలిక దారి ఉంది: చిన్న డీసీ నీళ్ల పంపుని నేరుగా ప్యానెల్‌కి కలపండి. ఎండ ఉంటే నీళ్లు ఎగజిమ్ముతాయి, చెయ్యి అడ్డం పెడితే ఆగిపోతాయి. పంపు వాట్లకీ ప్యానెల్ వాట్లకీ పెద్ద తేడా లేకుండా చూసుకోండి, బుల్లి పంపుకి పెద్ద ప్యానెల్ తగిలిస్తే వోల్టేజీ ఎక్కువై కాలిపోవచ్చు. నీళ్లు లేకుండా మాత్రం తిప్పకండి. చిన్నపిల్లలు ఎక్కువ వచ్చే మేళా అయితే నేను ఇదే పెట్టమంటాను.

4. సైకిల్ తొక్కించండి

ఒక యూనిట్ కరెంటు (వెయ్యి వాట్లు గంటసేపు వాడితే అయ్యేది) అంటే ఏమిటో ఒంటికి తెలియాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు. ముందు 5 వాట్ల ఎల్‌ఈడీ వెలిగించమనండి, ఆడుతూ పాడుతూ తొక్కుతారు. అప్పుడు 55 వాట్ల హాలోజన్ స్విచ్ వెయ్యండి, పెడల్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఆ బరువు వాళ్ల కాళ్లకి తెలిశాకే లెక్క చెప్పండి: మామూలు మనిషి కాసేపు నిలకడగా తొక్కితే 50 నుంచి 100 వాట్లు వస్తాయి. 75 అనుకుంటే ఒక యూనిట్ కోసం 13 గంటలకి పైగా తొక్కాలి. లీటరు నీళ్లని 25 డిగ్రీల నుంచి మరిగించాలన్నా, ఏమీ వృథా కాకపోయినా, గంటా పది నిమిషాలు. స్విచ్ వేస్తే అయిదు నిమిషాల్లో మరిగే నీళ్ల వెనక ఇంత పని ఉందా అని పెద్దవాళ్లే ఆగిపోతారు.

జాగ్రత్తలు: మోటారుకీ బల్బులకీ మధ్య డయోడు ఉండాలి, ముఖ్యంగా బ్యాటరీ కూడా కలిపితే, లేకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి వచ్చి మోటారు తిప్పేస్తుంది. ఫోన్‌ని నేరుగా కలపకండి, బల్బులేవీ వెలగనప్పుడు గట్టిగా తొక్కితే వోల్టేజీ ఒక్కసారిగా పెరిగిపోతుంది. 9 నుంచి 36 వోల్టుల దాకా తట్టుకుని, ఫోన్‌కి సరిపడే వోల్టేజీకి దించే కన్వర్టర్ మధ్యలో పెట్టండి. చైన్‌కి కవర్ తప్పనిసరి, చున్నీలు, వదులు పైజామాలు చుట్టుకుంటాయి. హాలోజన్ బల్బు ముట్టుకుంటే కాలుతుంది, దానికి జాలీ పెట్టండి.

గాలిమర కూడా పెట్టమంటారా అని అడుగుతుంటారు. స్టాళ్ల మధ్య గాలి సరిగ్గా ఆడదు, పైగా గాలి వేగం సగమైతే దొరికే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది, కాబట్టి చాలాసార్లు అది అసలు తిరగనే తిరగదు. ఫ్యాన్ ఎదురుగా పెట్టి తిప్పేట్టయితే, ఫ్యాన్ తినే కరెంటు ఎంతో గాలిమర ఇచ్చేది ఎంతో రెండు మీటర్లూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఆ తేడా దాచిపెట్టి చూపిస్తే జనానికి తప్పు నేర్పించినట్టే.

5. బల్బులు, వాట్ మీటర్

60 వాట్ల పాత బల్బు, దాదాపు అంతే వెలుగిచ్చే 8 లేదా 9 వాట్ల ఎల్‌ఈడీ, రెండూ వాట్ మీటర్ మీదుగా. ఇదందరికీ తెలిసిందే, త్వరగా ముగించండి. అసలు ఆసక్తి స్టాండ్‌బైలో, అంటే ఆపేసినా ప్లగ్‌లో ఉన్నంతసేపూ తినే కరెంటులో ఉంటుంది: ఆపేసిన టీవీ సెట్‌టాప్ బాక్సు, పాత స్పీకర్లు, పాత ఛార్జర్లు ఒక్కొక్కటీ తగిలించి చూపించండి. చాలా మంచి ఛార్జర్లు ఏమీ కలపనప్పుడు దాదాపు సున్నా చూపిస్తాయి, అది కూడా దాచకుండా చూపించండి, ఏది తింటుందో ఏది తినదో తెలియడమే కదా కావాల్సింది. ఇది ఇంటి కరెంటుతో నడిచే ప్రదర్శన కాబట్టి ఎర్త్ ఉన్న బోర్డు, లీకేజీ కరెంటుకి పడిపోయే బ్రేకర్ ఉండాలి, వైర్లు నేలమీద తడి తగలకుండా వెళ్లాలి. అలాంటి ఏర్పాటు లేకపోతే ఈ ప్రదర్శన వదిలేసి 12 వోల్టుల బల్బులతోనే సరిపెట్టండి.

6. పెట్టె కుక్కర్

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త సొష్యూర్ 1767లోనే గాజు పలకల కింద వేడిని బంధించే పెట్టె చేశాడు, మీరు చేసేది దాని వారసురాలినే. చిన్న అట్టపెట్టెని పెద్దదాన్లో పెట్టి, చుట్టూ మూడు నాలుగు అంగుళాల ఖాళీలో ఉండచుట్టిన కాగితం కూరండి. లోపలి గోడలకి రేకు కాగితం అంటించి, అడుగున నల్ల రేకు పళ్లెం పెట్టండి. పైన గాజు, వెనక రేకు అంటించిన అట్ట తలుపు. గాజు అంచులకి టేపు వెయ్యండి. థర్మాకోల్ లోపలివైపు వాడకండి, వేడికి మెత్తబడి కుంచించుకుపోతుంది.

మేళా మొదలవడానికి రెండు గంటల ముందే ఎండలో పెట్టాలి. జనం వచ్చాక పెడితే సాయంత్రం దాకా "ఇంకా వేడెక్కలేదు" అని చెప్పుకోవడమే సరిపోతుంది. లోపల అర లీటరు నీళ్లు చాలు, ఎక్కువ పోస్తే అంత ఆలస్యం. పక్కనే అదే సైజు గిన్నెలో అన్నే నీళ్లు ఆరుబయట పెట్టి రెండిట్లోనూ థర్మామీటర్ ఉంచండి. అరగంటకోసారి పెట్టెని సూర్యుడివైపు తిప్పండి.

వేడెక్కకపోతే ముందు గాజు అంచు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, వేడిగాలి తగిలితే అక్కడే పోతోంది. ఇక, తుపాకీలా పట్టుకుని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని గాజు మీదుగా గురిపెడితే అది గాజు వేడినే చెప్తుంది, లోపలిది కాదు. మెరిసే రేకు మీద కూడా తప్పు అంకె చూపిస్తుంది. కొలవాల్సిన చోట చిన్న కాగితం టేపు ముక్క అంటించి దాన్ని కొలవండి.

గొడుగులా వంపు తిరిగిన డిష్ కుక్కర్ త్వరగా వేడెక్కుతుంది నిజమే, జనం మధ్య మాత్రం వద్దు. వెలుగంతా ఒకచోట చేరే ఆ బిందువు దగ్గర చెయ్యి కాలుతుంది, గుడ్డ అంటుకుంటుంది, కళ్లకీ ప్రమాదం.

7. కంపోస్టు, కారే కుళాయి

మూడు గాజు సీసాలు: ఈ వారం వేసిన తడిచెత్త, నెల దాటినది, పూర్తిగా తయారైనది. పూర్తయినదాన్ని వాసన చూడమనండి, మట్టి వాసన తప్ప ఇంకేం రాదు, కంపోస్టు అంటే కంపు అనుకునేవాళ్ల భయం అక్కడే పోతుంది. నెలది పిడికిట్లోకి తీసుకుని పిండమనండి: ఒకటి రెండు చుక్కలొస్తే సరిగ్గా ఉంది, ధారలా కారితే ఎండుటాకులు కలపాలి, పొడిపొడిగా రాలితే కాస్త నీళ్లు చల్లాలి. చేతులు కడుక్కోడానికి నీళ్లు, సబ్బు పక్కనే ఉంచండి.

కుళాయికి ఇంకా తక్కువ పని. చిన్న కుళాయి ఉన్న డబ్బా నిండా నీళ్లు పోసి చుక్కచుక్కగా వదిలి, 10 నిమిషాల్లో పడినది కొలజాడీలో పట్టి 144తో గుణించమనండి. రోజంతటి లెక్క వాళ్లే చెప్తారు. ఆ నీళ్లు మళ్లీ డబ్బాలోకే.

8. అడిగే ప్రశ్నలకి సిద్ధంగా ఉండండి

"మా ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలి?" నెల బిల్లులో యూనిట్లని 30తో భాగించి, దాన్ని 4తో భాగించండి. 240 యూనిట్లు వాడే ఇంటికి సుమారు 2 కిలోవాట్లు. బాగా ఎండ కాసేచోట ఒక కిలోవాట్ రోజుకి 3 నుంచి 5 యూనిట్లిస్తుంది, అందుకే 4. ఇది మొదటి అంచనా మాత్రమే, నీడ, డాబా దిశ చూశాక మారుతుందని కూడా చెప్పండి.

"కరెంటు పోయినా మాకు వస్తుంది కదా?" బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి (వీధి కరెంటు లైనుకి) కలిపిన మామూలు సోలార్ కరెంటు పోగానే ఆగిపోతుంది. లైను మీద మరమ్మతు చేసేవాళ్లకి షాక్ తగలకూడదని కావాలనే అలా చేస్తారు. ఇది తెలియక పెట్టించుకుని తర్వాత బాధపడేవాళ్లు చాలామంది, కాబట్టి వాళ్లు అడక్కపోయినా చెప్పండి.

"ఎండాకాలం ఎక్కువ వస్తుందా?" వెలుగు ఎక్కువసేపు ఉంటుంది గనక మొత్తం పెరగొచ్చు, వేడి మాత్రం నష్టమే. 25 డిగ్రీలు దాటి సెల్ వేడెక్కే ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. స్టాల్‌లో ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి చూడమనండి.

తెలియని ప్రశ్న వస్తే కాగితం మీద రాసుకుని, కనుక్కుని చెప్తాననండి. ఊహించి చెప్పిన ఒక్క తప్పు లెక్కని నమ్మి వాళ్లు లోను కూడా తీసుకునే అవకాశం ఉంది.

స్టాల్ వెనక డీజిల్ జనరేటర్ మోగుతుంటే, పైన ప్లాస్టిక్ ఫ్లెక్సీ వేలాడుతుంటే జనం తప్పకుండా గమనిస్తారు. బట్ట మీద రంగుతో రాయించండి, మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు కూడా. తేదీ మాత్రం దానిమీద వెయ్యకండి.

9. పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

ఎంతమంది వచ్చారన్నది కాదు. వెళ్లబోయేవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: మీ ఇంట్లో ముందు ఏది కొలిచి చూస్తారు? జవాబులు ఒక చీటీ మీద గీతలు పెట్టుకుంటూ పోండి. ఏ ప్రదర్శన పేరు ఎవరూ ఎత్తకపోతే దాన్ని వచ్చేసారి తీసెయ్యండి, అది మీకెంత ఇష్టమైనదైనా.

10. సర్దేటప్పుడు

సాయంత్రం అలసిపోయి ఉంటారు, వైర్లు తికమకయ్యేది, షార్ట్ అయ్యేది ఎక్కువగా అప్పుడే. ప్యానెల్ మీద గుడ్డ కప్పి, కాగితం మీద రాసిన వరస చూస్తూ విప్పండి. బ్యాటరీ టెర్మినళ్లకి టేపు వేసి విడిగా పెట్టెలో పెట్టండి. కుక్కర్ గాజు, గిన్నె చల్లారేదాకా ఆగండి. ఇంటికి వెళ్లాక ఆ రాత్రే లెడ్ బ్యాటరీని నిండా ఛార్జ్‌కి పెట్టండి, సగం దిగిన బ్యాటరీని అలాగే నెలలపాటు అటక మీద పెడితే వచ్చే మేళాకి పనికిరాదు.